ఇంపాక్ట్ సారు

మంగంపేటలో ముగ్గురాయికి సాంద్రత చూడందే విలువ కట్టరు. 4.2 ఉందా, 'ఏ' గ్రేడు. చమురు బావుల తవ్వకానికి దేశాలు దాటిపోతుంది. లేదా, కింది గ్రేడు. అట్లాంటి ఊరికి ఇంపాక్ట్ సారు రావడం వింతేం కాదు. ఆయన పిల్లల ధైర్యానికి గ్రేడు వేస్తాడు.

2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టమంది. 2021లో వచ్చిన నిబంధనలు, కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టుల ఫలితాన్ని, అంటే ఇంపాక్ట్‌ను, బయటివాళ్లతో కొలిపించమని బాగా పెద్ద కంపెనీలకు చెప్పాయి. సారుకు నలభై దాటినా, నిజానికి పుట్టింది అప్పుడే.

ఒంటినిండా జేబులున్న కోటు, మెడలో కార్డు, చేతిలో ట్యాబు. కొండ దగ్గరికొచ్చి కొండను చూడడు, సిగ్నల్ చూసుకుంటాడు. ఆయన స్లైడ్లలో మొదటిది ఎప్పుడూ మాలావత్ పూర్ణ ఫొటోనే. భువనగిరి గుట్ట మీద తాడు పట్టి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన గురుకులం పిల్ల. ఆ పిల్ల ఏ ఫారం నింపి ఎక్కిందో మాత్రం చెప్పడు.

తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక సంస్థ కంపెనీ డబ్బుతో గండికోట క్యాంపుకు తీసుకుపోతుంది. పోకముందే సారు ఫారాలు పంచుతాడు: 'నాకు ధైర్యం ఉంది. 1 నుంచి 5 లోపల మార్కు వేసుకో.' అందరూ అయిదే. పక్క బెంచీవాడు చూస్తుండగా కడప పిల్లోడు నాలుగు వేసుకుంటాడా? తిరిగొచ్చాక అదే ఫారంలో మూడు.

"ఏమప్పా, ధైర్యం తగ్గిందా?"

"లోయ అంచున నిలబడి కిందికి చూసినాం సార్. అప్పుడు తెలిసింది."

నన్నడిగితే క్యాంపు ఫలితం ఆ మాటే. దానికి ఫారంలో గడి లేదు.

ఈ తిరకాసు లోకంలో అందరికీ ఉన్నదే. పరిశోధకులు దాన్ని 'రెస్పాన్స్ షిఫ్ట్' అంటారు. మందు కూడా వాళ్లే కనిపెట్టారు: క్యాంపు అయ్యాక 'ముందు నీకెంత ఉండేది?' అని అడగాలి. పిల్లలు ఒకటి వేశారు. ఒకటి నుంచి మూడుకు! సారు ముఖం వెలిగిపోయింది.

ఇక క్యాంపుకు పోనివాళ్లతో పోల్చాలి గదా. మేకలు తోలుకుపోయే పిల్లోడు దొరికాడు.

"కొండ ఎన్నిసార్లు ఎక్కినావు?"

"మేక ఎక్కినన్ని సార్లు."

పైగా వాడికొచ్చిన మార్కులు క్యాంపు పిల్లలందరినీ మించిపోయాయి. సారు ఆ రాత్రంతా కూర్చుని ఆలోచించి, వాణ్ణి 'ఔట్‌లయర్' అని పట్టికలోంచి తీసేశాడు.

రిపోర్టు మాత్రం ముచ్చటగా వచ్చింది. అట్ట మీద బండ కొసన చేతులు చాపి నిలబడినవాడు ఆ పిల్లోడే. మేకల్ని కత్తిరించారు.