ఒక లారీ ఇంజిన్ జీవితకథ: ఐడ్లింగ్ నిలకడ తప్పిన కాలం

ఈ కథ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌ది. టాటా లారీల్లో 697 పేరుతో తిరిగిన వంశం దానిది. ఆ అంకెలోనే దాని ఒంటి కొలత ఉంది: 6 సిలిండర్లు, ఒక్కోదాని వ్యాసం 97 మిల్లీమీటర్లు. పిస్టన్ ఒక్కో స్ట్రోకులో 128 మిల్లీమీటర్లు కదులుతుంది. మొత్తం పరిమాణం 5,675 ఘన సెంటీమీటర్లు. మెర్సిడెస్ ఓఎం 352 ఇంజిన్ కొలతలూ ఇవే. టాటాల జంషెడ్‌పూర్ సంస్థ టెల్కోకు, మెర్సిడెస్ తయారుచేసే జర్మనీ డైమ్లర్-బెంజ్‌కు 1954లో కుదిరిన ఒప్పందం 1969లో ముగిసినా, ఆ చుట్టరికం ఇలాంటి ఇంజిన్ల రూపంలో మన రోడ్ల మీద మరికొన్ని దశాబ్దాలు బతికింది.

ఈ ఇంజిన్ బతుకంతా గుంటూరు మిర్చి బస్తాల కింద, కోస్తా ధాన్యం కింద గడిచింది. ఇప్పుడు 16వ నంబరు అంటున్న జాతీయ రహదారి అప్పట్లో 5వ నంబరు. దాని మీద పరుగు ఎంతో, యార్డు గేటు ముందు, చెక్‌పోస్టు వరసలో ఐడ్లింగ్‌లో నిలబడి ఉండటమూ అంతే.

ఐడ్లింగ్ అంటే పెడల్ మీద కాలు లేనప్పుడు, బరువేమీ లాగనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం. ఈ ఇంజిన్‌కు అది నిమిషానికి 600 చుట్లకు అటూ ఇటూ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఆరూ కలిపి సెకనుకు 30 మంటలు, 1-5-3-6-2-4 వరసలో. ఒక్కో మంటకు అందే డీజిల్ ఒక చుక్కలో చిన్న భాగం మాత్రమే. అంత చిన్న కొలతలో రవ్వంత తేడా వచ్చినా చెవికి తెలుస్తుంది. నిండు లోడుతో రోడ్డెక్కాక అదే తేడా వినిపించదు. పాత లారీ జబ్బులు చాలా వరకు ముందు ఐడ్లింగ్‌లోనే బయటపడతాయి.

ఆ కొలత వేసేది ఇన్‌లైన్ పంపు. 1951లో మొదలైన బెంగళూరు మైకో సంస్థ బాష్ పద్ధతిలో చేసిన ఇలాంటి పంపుల్లో సిలిండరుకో ప్లంజర్ ఉంటుంది. ప్లంజర్ ఒంటి మీద వాలుగా కోసిన గాడి ఉంటుంది. ర్యాక్ అనే కడ్డీ జరిగితే ప్లంజర్లన్నీ ఒకేసారి కొద్దిగా తిరిగి, గాడి స్థానం మారి, డీజిల్ పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఐడ్లింగ్‌లో ర్యాక్‌ను జరిపేది డ్రైవరు కాదు, పంపు వెనకనున్న గవర్నర్. వేగం పెరిగితే అందులో తిరిగే బరువులు బయటికి విచ్చుకుని ర్యాక్‌ను వెనక్కి లాగుతాయి. తగ్గితే స్ప్రింగు ముందుకు తోస్తుంది. ఈ రెండు బలాలూ సరితూగిన చోట ఇంజిన్ నిలకడగా తిరుగుతుంది.

ఆ నిలకడ తప్పినప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్ పానా పట్టే ముందు వింటాడు. ఒకే లయలో వేగం లేచి పడుతూ ఉంటే అది హంటింగ్. డీజిల్‌లో గాలి చేరి ఉండాలి, లేదా గవర్నర్ అరిగి ఉండాలి. ఆరు దెబ్బల్లో ఒకటి తక్కువైనట్టు కుంటితే అది మిస్; జబ్బు ఒక సిలిండరుది. మెల్లగా దిగి దిగి ఆగిపోతే డీజిల్ అందడం లేదు. రెండు జబ్బులు కలిసి వచ్చే రోజులూ ఉంటాయి కాబట్టి, చెవి దారి చూపిస్తుందే గానీ తీర్పు చెప్పదు.

ఈ ఇంజిన్‌కు జీవితంలో ఎక్కువసార్లు జరిగిన అన్యాయం ఐడ్లింగ్ స్క్రూ బిగించి రేస్ పెంచేయడం. శబ్దం కాసేపు సర్దుకుంటుంది, జబ్బు అలాగే ఉంటుంది. ఫస్ట్ గేరు వేసేటప్పుడు పళ్లు గీరుకుంటాయి, నిలబడ్డ చోటే డీజిల్ ఖర్చవుతుంది. అసలు లోపం మరింత ముదిరాక గానీ మళ్లీ కనబడదు. స్క్రూ ముట్టుకోవాల్సింది అన్నిటికంటే చివర.

మొదట చూడాల్సింది అతి సులువైనది: పెడల్ నుంచి పంపు దాకా వచ్చే రాడ్లు. బుష్‌లు అరిగితే, రిటర్న్ స్ప్రింగు సాగితే క్యాబిన్ అదురుకే పంపు లివరు కదులుతుంది. రాడ్డు ఊడదీసి, లివరు స్క్రూకు ఆనుకుని ఉండగా నడిపితే తేలిపోతుంది.

తర్వాత ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగి ఇన్‌లైన్ పంపుకు అందించే ఫీడ్ పంపు దాకా ఉన్న దారి. పాత లారీల్లో ఎక్కువ జబ్బులు ఇక్కడే, ఎక్కువ మంది తప్పిపోయేదీ ఇక్కడే. ఈ దారిలో డీజిల్‌ను తోయడం ఉండదు, పీల్చడమే. అందుకే సందు ఉన్నా బయటికి చుక్క కారదు, లోపలికి గాలి వస్తుంది. తడి కనబడలేదని లీకు లేదనుకోవడం పొరపాటు. ఎండకు పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టం, రెండోసారి వాడిన కాపర్ వాషర్, ఫిల్టర్ గిన్నె కింద నలిగిన గాస్కెట్, చేతి పంపు లోపలి సీల్: గాలి వీటిలో ఎక్కడినుంచైనా దూరవచ్చు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శకమైన గొట్టం పెడితే బుడగలు కంటికే కనబడతాయి. ఇంకా మంచి పరీక్ష, శుభ్రమైన డీజిల్ క్యాన్‌ను పంపు కంటే ఎత్తులో పెట్టి, అక్కడినుంచి నేరుగా ఫీడ్ పంపుకు గొట్టం ఇవ్వడం. అప్పుడు ఇంజిన్ కుదుటపడితే లోపం ట్యాంకు వైపే. ట్యాంకు మూత రంధ్రం మూసుకుపోయినా ఇలాగే అవుతుంది. మూత వదులు చేసి చూస్తే చాలు. సందు మూశాక ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదిలి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి గాలి తీయాలి. వానాకాలంలో ఫిల్టర్ అడుగున నీళ్లు చేరతాయి, వాటినీ వంపేయాలి.

మిస్ కొట్టే సిలిండరును పట్టే పద్ధతి పాతదే. ఇంజిన్ నడుస్తుండగా సిలిండరులోకి డీజిల్ చల్లే ఒక్కో నాజిల్ దగ్గర హై ప్రెషర్ పైపు నట్టు కొద్దిగా వదులు చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న సిలిండరైతే శబ్దం వెంటనే పడిపోతుంది. వదిలినా మార్పు లేని చోట జబ్బు ఉన్నట్టు. ఆ నాజిల్‌ను మరో సిలిండరుకు మార్చి చూడాలి. జబ్బు వెంట వెళితే నాజిల్‌ది, అక్కడే మిగిలితే పంపు డెలివరీ వాల్వుదో, టాపెట్ గ్యాపుదో, కంప్రెషన్‌దో. నాజిల్‌ను టెస్టర్ మీద కొట్టి చూసేటప్పుడు చేయి దగ్గరికి పోనీయకూడదు. సుమారు 200 బార్ పీడనంతో వచ్చే తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇవన్నీ తేలాకే పంపును అనుమానించాలి. గవర్నర్ పిన్నులు, వాటి రంధ్రాలు అరిగితే బరువుల కదలిక ర్యాక్‌కు ఆలస్యంగా చేరుతుంది. అప్పటికే వేగం హద్దు దాటి ఉంటుంది. సరిదిద్దేసరికి హద్దు కిందికి పడుతుంది. హంటింగ్ పుట్టేది ఈ ఆలస్యంలోంచే. ఎక్కువకాలం నిలబెట్టిన లారీలో పాత డీజిల్ జిగురు కట్టి ర్యాక్ పట్టేసినా ఫలితం అదే. అది మరీ ప్రమాదం: ర్యాక్ నిండు డీజిల్ దగ్గర పట్టేస్తే ఇంజిన్ అదుపు తప్పి పరుగెడుతుంది. సీలు వేసిన పంపును రోడ్డు పక్కన విప్పకూడదు. టెస్ట్ బెంచ్ మీద ఆరు ప్లంజర్ల కొలతా ఒక్కటయ్యేలా క్యాలిబ్రేషన్ చేయించాలి.

బిగించాక వరస ఇది: పంపు టైమింగ్ గుర్తులు కలపడం, గాలి తీయడం, ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వడం, ఆ పైన ఐడ్లింగ్ స్క్రూ. పెడల్ రాడ్డు చివరగా తగిలించాలి. కాలు తీసినప్పుడు పంపు లివరు ఐడ్లింగ్ స్క్రూకు, నిండుగా తొక్కినప్పుడు అవతలి హద్దు స్క్రూకు పూర్తిగా ఆనేలా ఆ రాడ్డు పొడవు సరిచేయాలి.