ఆఖరి బెంచీ లేని బడి

“పాపని ప్రైవేటులో చేర్పించాం నాన్నా” అని మావాడు ఫ్రిస్కో నుంచి ఫోన్లో చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి అమెరికా వెళ్ళినా బుద్ధి తెనాల్లోనే ఉందనుకున్నాను. ప్రైవేటంటే నాకు తెలిసింది ఒకటే. తెల్లారి అయిదింటికి మా వీధి వరండా, ఒక్క బల్బు, 40 మంది పిల్లలు, గుమ్మం ముందు 80 చెప్పులు. మధ్యాహ్నం కాలేజీలో చెప్పాల్సిన లెక్కల్నే పొద్దున్నే ఫీజు పుచ్చుకుని చెప్పడం. 34 ఏళ్ళు ఆ పని చేసినవాణ్ణి కాబట్టి దాపరికం లేకుండా రాస్తున్నాను.

ఆర్నెల్లు ఉండొద్దామని మా ఆవిడా నేనూ వెళ్ళాక అసలు సంగతి బయటపడింది. తొమ్మిదో తరగతి పిల్ల బడికే వెళ్ళట్లేదు!

“ఏం, టీసీ ఇచ్చి పంపేశారా?” అన్నాను.

“హోమ్‌స్కూలింగ్ మావయ్యగారూ. టెక్సస్‌లో ఇల్లే ప్రైవేటు స్కూలు” అంది కోడలు.

నిజమేనట. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే ఆ మాట ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ అయిదూ పుస్తకాలు పెట్టుకుని చిత్తశుద్ధిగా చెబితే చాలు. బోర్డు పరీక్షల్లేవు. మన దేశంలోనూ 1989 నుంచి జాతీయ ఓపెన్ స్కూలుంది, ఇంట్లో కూర్చుని చదివి పదో తరగతి పరీక్ష రాయొచ్చు, తప్పితే అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు ప్రయత్నించొచ్చు. అయినా మార్కులు వేసేది బోర్డే కదా! ఇక్కడ చివరి సర్టిఫికెట్టు కూడా కన్నవాళ్ళే ఇస్తారు.

ఇల్లు బడి అయితే మావాడు ప్రిన్సిపాలన్నమాట. నా ప్రైవేటులోనే ఆఖరి వరసలో గోడకి జారగిలబడి కునుకుతీసి, అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు!

మావాడికీ కోడలికీ కెమిస్ట్రీ మాత్రం కొరుకుడు పడలేదు. పైగా కాకి పిల్ల కాకికి ముద్దు. అన్నిట్లోనూ అమ్మే ఏ గ్రేడు వేస్తే రేపు కాలేజీవాడు నమ్మొద్దూ? బయటివాళ్ళిచ్చిన గ్రేడు ఒకటైనా ఉంటే కాస్త బరువు. అందుకని ఆ ఒక్క సబ్జెక్టుకీ ఒక ప్రైవేటు హైస్కూల్లో చేర్పించారు. గంటల లెక్కన ఫీజు. రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని కోడలు ముందే చెప్పింది. మార్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు చూసొద్దామని నేనూ వెళ్ళాను. మా పూజగది కంటే కాస్త పెద్ద గది, అద్దాల తలుపు, చిన్న బల్ల, రెండు కుర్చీలు. ఒకదాంట్లో మేష్టారు, ఒకదాంట్లో మా మనవరాలు.

“మిగతా పిల్లలకి సెలవా?” అనడిగాను.

మిగతా పిల్లలు లేరు. క్లాసంటే ఇదే. ఫస్టు ర్యాంకు మా పిల్లదే, లాస్టు ర్యాంకూ మా పిల్లదే. తెనాలికి ఫోన్ చేసినప్పుడు మొదటి సగం మాత్రమే చెప్పాను. పాపం, 80 మంది సెక్షన్లో నెలకోసారి వచ్చే ప్రశ్న దీనికి నిమిషానికోసారి వస్తోంది. వెనక్కి వాలదామంటే ఆఖరి బెంచీ లేదు, ముందువాడి వీపు చాటున దాక్కుందామంటే ముందు మేష్టారే ఉన్నాడు. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఆ మేష్టారు. అడిగినదానికి పిల్ల తడుముకుంటుంటే ఊరుకుని చూస్తున్నాడు! నేను మూడు సెకన్లు దాటి ఎవరికోసమూ ఆగిన పాపాన పోలేదు. నా సిలబస్సు పినాకిని ఎక్స్‌ప్రెస్సు, ఎక్కినవాడు ఎక్కాడు. వీళ్ళది రిక్షా. ఒక పాఠం మూడు రోజుల్లో అయిపోతే ఇంకోటి మూడు వారాలు సాగుతుంది.

ఫీజు దిగులుతో నోరు జారాను. “లెక్కలు నేను చెబుతాన్లే” అన్నాను. వంటింటి బల్ల దగ్గర, రైస్ కుక్కర్ పక్కన నాకు మళ్ళీ ఉద్యోగమొచ్చింది.

మొదటి రోజు ఆల్జీబ్రా అందుకుని అయిదు నిమిషాలయిందో లేదో, పక్కింటి కుక్క మొరగడం మొదలెట్టింది.

“తాతయ్యా, నేనొక్కదాన్నే ఉన్నాను. వినిపిస్తోంది.”

గొంతు తగ్గించాను. అలవాటుగా “అర్థమైందా?” అన్నాను. 34 ఏళ్ళుగా ఈ ప్రశ్నకి “అయింది సార్” అనే కోరస్సే విన్న చెవులివి.

“లేదు” అంది.

ఆ మాట వినడం నా సర్వీసులో అదే మొదలు. ఏం చెయ్యాలో తోచలేదు.

“మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది?” అంది.

“అది రూలమ్మా.”

“ఎవరు పెట్టారు?”

“రేపు చెప్తాను” అన్నాను. ఇది మా వృత్తిలో బ్రహ్మాస్త్రం. 80 మందిలో రేపటికి ఎవడికి గుర్తుంటుంది? ఇక్కడున్నది ఒక్కత్తే, దానికి గుర్తుంటుంది.

రాత్రి అందరూ పడుకున్నాక ఇండియన్ స్టోర్ కరపత్రం వెనక పెన్సిలుతో కుస్తీ పట్టాను. మూడుని మైనస్ రెండుతో గుణిస్తే మైనస్ ఆరు. రెండునైతే మైనస్ నాలుగు. ఒకటినైతే మైనస్ రెండు. సున్నానైతే సున్నా. మెట్టు మెట్టుకీ రెండు పెరుగుతోంది. ఇంకో మెట్టు దిగి మైనస్ ఒకటికొస్తే? ప్లస్ రెండే కావాలి! అర్ధరాత్రి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. ఆవిడ నా నుదురు పట్టుకుని చూసింది.

పొద్దున్నే పిల్లకి చూపిస్తే “ఓ, ఇంతేనా” అని పాలగ్లాసు అందుకుంది.

అప్పుడే ప్రిన్సిపాల్‌గారు కాఫీ కప్పుతో క్లాసు పరిశీలనకొచ్చి, అలవాటు కొద్దీ వెనక గోడకి జారగిలబడ్డారు.

“నువ్వు చెప్పరా, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు?” అన్నాను.

ఆఫీసు మీటింగు గుర్తొచ్చి ఆయన మేడెక్కేశారు.