పర్వతరాజు హిమవంతులవారికి షోకాజ్ నోటీసు

మేనాదేవి ప్రాణనాథులు, పార్వతీదేవికి కన్నతండ్రి, పరమశివునికి పిల్లనిచ్చిన మామగారు, సకల పర్వతాలకూ ఏలిక అయిన శ్రీ హిమవంతులవారి దివ్యసముఖానికి, రిషీకేశ్ నుంచి బదరీనాథ్ వరకు సుమారు 300 కిలోమీటర్ల దారిలో మోటారు వాహనాలపై ప్రయాణించే యాత్రికలోకం తరఫున పంపుతున్న విన్నపం. ఇది విన్నపమో తాఖీదో తమరి జవాబును బట్టి తేలుతుంది.

తమరిపై మొదటి అభియోగం అనుమతి లేని కట్టడానికి సంబంధించినది. భారత భూఫలకం, అంటే ఈ ఉపఖండాన్ని మోస్తున్న భూమి పైపొర తాలూకు పెద్ద పలక, ఏటా దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెట్టుతూ ఉన్నందువల్ల, తమరి దేహం సుమారు 5 కోట్ల ఏళ్ళుగా ముడతలు పడి లేస్తూ వచ్చిందనీ, నేటికీ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉందనీ భూగర్భశాస్త్రవేత్తలు నిర్ధారించారు. ప్లానులో రెండంతస్తులు చూపి నాలుగు లేపినవారు జరిమానా చెల్లించి క్రమబద్ధీకరించుకునే పథకాలు తెలుగు రాష్ట్రాలలో ఎన్నోసార్లు వచ్చాయి గాని, వాటిలో దేనికీ తమరు దరఖాస్తు పెట్టుకున్న దాఖలా లేదు. పైగా జోషీమఠ్‌కు దిగువన హేలంగ్ ప్రాంతంలో, లోతున ఉండవలసిన పాత రాళ్ళు పక్కనున్న రాళ్ళ మీదికి ఎక్కివచ్చిన మహాభ్రంశం ఒకటి తమరి దేహాన్ని అడ్డంగా కోస్తున్నది. శాస్త్రజ్ఞులు మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అని పిలిచే ఆ పగులు పరిసరాలలో రాయి నలిగి, పొరలు విడి, చిన్న వానకే ఊడిపడుతుంది.

రెండవది జాతీయ రహదారి ఆక్రమణ. గఢ్వాల్‌లోని శ్రీనగర్ దాటి రుద్రప్రయాగకు వెళ్ళే దారిలో సిరోబగడ్ అనే చోట తమరు దశాబ్దాలుగా ప్రతి వర్షాకాలంలోనూ రోడ్డు మీదికి వచ్చి కూర్చుంటున్నారు. అప్పుడు జరిగే తంతు యాత్రికులందరికీ కంఠస్థమే: బస్సులు, జీపులు, సైనిక లారీలు వరుసగా నిలిచిపోతాయి, అద్దాలు దిగుతాయి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని టీ కెటిల్ ఒకటి బండి బండికీ తిరుగుతుంది. ముందు ఒక జేసీబీ రాళ్ళను అలకనంద నదిలోకి తోస్తుంటే, ఈల నోట పెట్టుకొని ఎర్రజెండా పట్టిన మనిషి ఒకడు రోడ్డు వంక చూడనే చూడక, మెడ వెనక్కి వాల్చి కొండ వంకే చూస్తూ నిలబడతాడు. పెద్ద బండ దొర్లే ముందు గులకరాళ్ళు రాలతాయి కనుక, ఆ చిటపటలు వినబడగానే అతడు ఈల వేస్తాడు, జేసీబీ వెనక్కి వస్తుంది, దిగి నిలబడినవారు మళ్ళీ బండ్లెక్కుతారు. ఈ దారి మొత్తంలో తమరి స్వభావం తెలిసిన ఉద్యోగి అతడొక్కడేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

న్యాయంగా చెప్పాలంటే, ఎవరు ఎవరి స్థలంలోకి వచ్చారన్న విషయంలో తమరి తరఫు వాదన బలహీనమైనదేమీ కాదు. వదులు మట్టీ రాళ్ళూ జారకుండా తమంతట తాము నిలవగల వాలును ఇంజనీర్లు విశ్రాంతి కోణం అంటారు. ఆ వాలు పాదాన్ని రోడ్డు కోసం నిట్టనిలువుగా కోసివేస్తే, పైనున్నదంతా తిరిగి అదే కోణానికి చేరేవరకు కిందికి దిగుతూనే ఉంటుంది. 2016 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన చార్‌ధామ్ రహదారి పథకం, యమునోత్రి, గంగోత్రి, కేదార్, బదరీ క్షేత్రాల దారులతో సహా సుమారు 889 కిలోమీటర్ల రహదారులను వెడల్పు చేయబూనినప్పుడు, పనిని 53 ముక్కలుగా చేసి, ఒక్కొక్కటి 100 కిలోమీటర్లకు లోబడి ఉండేట్టు చూసినందువల్ల, పర్యావరణ ప్రభావ అంచనా, అంటే పనికి ముందే దాని నష్టాలను లెక్కగట్టే తప్పనిసరి అధ్యయనం, అవసరమే లేకపోయింది. కాగితం మీద కొండను 53 ముక్కలు చేయడం సాధ్యమే. ఆ ముక్కల సరిహద్దులను తమరికి ఎవరూ తెలియజేయకపోవడమే చిక్కు.

రోడ్డు వెడల్పుపై వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరి, 2020 సెప్టెంబరులో తారు పరచే వెడల్పు 5.5 మీటర్లకు మించరాదని తీర్పు వచ్చింది; 2021 డిసెంబరులో, సరిహద్దుకు బరువైన ఆయుధాలు చేరవేయవలసిన సైన్యం అవసరాన్ని గుర్తించి, రిషీకేశ్–మానా దారితో సహా మూడు రహదారులకు 10 మీటర్ల వెడల్పును అదే కోర్టు అనుమతించింది. బదరీకి అవతల ఉన్న మానా గ్రామం దాటితే టిబెట్ సరిహద్దు దారి కనుక, 1962 యుద్ధం తెలిసిన దేశం ఆ అవసరాన్ని తేలికగా తీసుకోలేదు. అయితే సైన్యం పేరిట వచ్చిన ఆ వెడల్పును ఎక్కువగా వాడుకుంటున్నది, పొద్దున హరిద్వార్‌లో బయలుదేరి రాత్రికి బదరీ చేరాలనుకునే యాత్రికుడే. పూర్వం చట్టీలు అనే మజిలీలలో వంటా నిద్రా కానిచ్చుకుంటూ, దేవప్రయాగ నుంచి విష్ణుప్రయాగ దాకా ఐదు సంగమాలలోనూ మునిగి వెళ్ళేవారికి, గాలి పలచబడే ఎత్తుకు దేహం అలవాటు పడేది; నేడు సుమారు 350 మీటర్ల ఎత్తున్న రిషీకేశ్ నుంచి 3,100 మీటర్ల బదరీకి ఒక్క పగటిలో చేరిన పెద్దవయసువారు గుడి మెట్ల మీద ఊపిరాడక కూర్చుండిపోతే, ఆ నేరమూ తమరి ఖాతాలోనే జమ అవుతున్నది.

మూడవది అక్రమ నిర్బంధం. 2023 నవంబరు 12న యమునోత్రి దారిలోని సిల్‌క్యారా సొరంగం కూలగా 41 మంది కార్మికులు 17 రోజులు తమరి గర్భంలో చిక్కుపడ్డారు. శిథిలాలను తొలుస్తున్న విదేశీ యంత్రం చివరి గజాలలో విరిగిపోయాక, మేఘాలయ బొగ్గు గనులలో హరిత ట్రిబ్యునల్ 2014లో నిషేధించిన ఎలుకబొరియ తవ్వకంలో ఆరితేరిన కూలీలే చేతి పనిముట్లతో దారి చేసి వారిని బయటికి తెచ్చారు. ఈలోగా సొరంగం ముఖద్వారం వద్ద స్థానిక దేవుడు బౌఖ్‌నాగ్‌కు చిన్న గుడి వెలసింది. ఇంజనీర్లు సైతం అక్కడ దండం పెట్టుకున్నారు. తమరి శాఖలో కింది ఉద్యోగులను ప్రసన్నం చేసుకోవాలన్న సంగతి ఆలస్యంగా తెలిసినట్టుంది.

తమరికి అనుకూలంగా రికార్డులో ఉన్న పత్రాలను దాచడం ఈ విన్నపం ఉద్దేశం కాదు. జోషీమఠ్ పట్టణం పాత కొండచరియ శిథిలాల మీద కట్టుకున్నదనీ, అక్కడ బరువైన నిర్మాణాలూ బండలు తవ్వడమూ తగవనీ ప్రభుత్వం నియమించిన మిశ్రా కమిటీ 1976లోనే రాసింది. 2023 జనవరిలో వందల ఇళ్ళ గోడలు పగుళ్ళిచ్చాక ఆ నివేదికను వెతికి చదివారు. అంతకన్నా పాత పత్రం అదే ఊరి నరసింహస్వామి ఆలయంలో ఉంది. ఆ విగ్రహం మణికట్టు ఏటేటా సన్నబడుతున్నదనీ, అది విరిగిననాడు బదరీ దారిలోని కొండలు ఒకదానితో ఒకటి కలిసి దారి మూసుకుపోతుందనీ, అటుపై బదరీనాథస్వామి తపోవనం వైపునున్న భవిష్య బదరీలో దర్శనమిస్తాడనీ స్థలపురాణం. దారి శాశ్వతంగా ఉంటుందని పురాణమే హామీ ఇవ్వని చోట, హామీ ఇచ్చే సాహసం టెండరు పత్రాలకే చెల్లింది. ఆరు నెలలు బదరీ గుడి మూసి ఉద్ధవుని మూర్తిని పాండుకేశ్వర్‌కు దించే ఆచారమూ, ఒకవైపు బండ్లు వెళ్ళాకే రెండోవైపు వదిలిన నిన్నమొన్నటి గేటు పద్ధతీ, తమరి షరతులు ఒప్పుకొని చేసుకున్న ఏర్పాట్లే.

పై అభియోగాలకు 15 రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలసిందిగా కోరడమైనది. తమరి కాలమానంలో 15 రోజులంటే ఎన్ని లక్షల ఏళ్ళో విచారించగల అధికారి ఎవరూ లేనందున, గడువు పొడిగింపునకు విడిగా దరఖాస్తు అక్కర్లేదు. ఈ లేఖ ప్రతులు: అనుమతి లేకుండా శిథిలాలను దిగువకు తరలిస్తున్నందుకు అలకనందకు; సిఫారసు నిమిత్తం కైలాసంలోని అల్లుడుగారికి; మణికట్టు ప్రస్తుత చుట్టుకొలత తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తూ, జోషీమఠ్ నరసింహస్వామివారికి.