కండక్టరు ముందు ఒక వయసు, స్కూటీ ముందు ఒక వయసు

మన ఇళ్లలో పిల్లల వయసు పుట్టినతేదీని బట్టి నడవదు, ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి నడుస్తుంది. ఆర్టీసీ కండక్టరు దగ్గరికొస్తే బాబుకి ఇంకా ఐదు నిండలేదు, ఒళ్లో ముడుచుకుని కూర్చుంటాడు. గ్యాస్ పొయ్యి వెలిగిస్తానంటే పన్నెండేళ్ల వాడు కూడా పసివాడే. అదే పెరుగు ప్యాకెట్టు అవసరమైతే పదమూడేళ్లకే చేతికి స్కూటీ తాళాలొస్తాయి, పైగా "మావాడు భలే తోలతాడండీ" అని చుట్టాల ముందు మురిపెం. గంటసేపు ఇంట్లో ఒక్కణ్ణి వదలడానికి పనికిరాని మనిషి లారీల మధ్య వదలడానికి ఎలా పనికొచ్చాడో ఎవరూ అడగరు. పిల్లల్ని ఎన్నేళ్లకు ఒంటరిగా వదలొచ్చు అన్న ప్రశ్నకు మన ఆచరణలో ఉన్న జవాబు ఒక్కటే: పెద్దవాళ్లకు ఎప్పుడు వీలైతే అప్పుడు.

అలాక్కాదు, ఏదో ఒక అంకె చెప్పమనే వాళ్లు అమెరికా వైపు చూస్తారు. చూడనివ్వండి. మేరీలాండ్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని ఇంట్లో గానీ కారులో గానీ ఒంటరిగా ఉంచకూడదు. తోడుగా కనీసం 13 ఏళ్ల నమ్మకస్తులుండాలి. ఒరెగాన్‌లో ఆ గీత పదేళ్ల దగ్గరుంది. ఇల్లినాయ్‌లో చాలాకాలం పాటు 14 ఏళ్లలోపు వాళ్లను మరీ ఎక్కువసేపు గాలికొదిలేస్తే అది నిర్లక్ష్యం కిందికొచ్చేది. అంటే ఆ రోజుల్లో ఒక తెలుగు కుటుంబం మేరీలాండ్ నుంచి షికాగోకి మకాం మార్చి ఉంటే, నిన్నటిదాకా చెల్లెలికి కాపలా కాసిన పదమూడేళ్ల పిల్లకే అక్కడ కాపలా అవసరమయ్యేది! చివరికి పిల్లలు బడికి నడిచి వెళ్లడం నేరం కాదని చెప్పడానికే 2018లో యూటా రాష్ట్రం ఒక చట్టం చెయ్యాల్సొచ్చింది. అమెరికాలో చాలా రాష్ట్రాలు, బ్రిటన్, మన దేశం ఈ విషయంలో అంకె జోలికే పోలేదు. మన జువెనైల్ జస్టిస్ చట్టం పిల్లల్ని నిర్లక్ష్యం చేస్తే శిక్ష ఉందంటుంది గానీ, ఇంట్లో ఎన్నేళ్లకు వదలాలో చెప్పదు. చెప్పకపోవడమే తెలివి. పుట్టినరోజు కేకు కోయగానే బుర్రలోకి జాగ్రత్త దిగదు కదా.

"రోజులు బాగాలేవండీ" అన్నది పెద్ద అభ్యంతరం. నిజమే, బాగాలేవు. కానీ పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. మనం వేసే మూడు గడియలూ ముక్కూమొహం తెలియని వాడి కోసం. తెలిసినవాడు కాలింగ్ బెల్ కొట్టి లోపలికొచ్చి కాఫీ తాగుతాడు. అక్కడ పిల్లని కాపాడేది గడియ కాదు, "వద్దు" అనగలగడం, జరిగింది అమ్మకు చెప్పగలగడం, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గుర్తుండడం. ఇక రెండో పక్షం అరుగుల మీద ఉంటుంది: "మా కాలంలో చెరువులో పడి ఈత నేర్చుకున్నాం, ఏమైంది?" బతికి బయటపడ్డవాళ్లే ఈ మాట చెప్పగలరు. తేలనివాళ్లు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పరు. ఏ వేసవి సెలవుల్లోనైనా జిల్లా పేజీ తిరగేయండి, క్వారీ గుంతలూ కాలవలూ కనిపిస్తాయి.

ఈ గడియకీ ఆ చెరువుకీ మధ్య నేర్పడం అనే పని ఒకటుంది. ముందు మన కళ్లెదుట పొయ్యి వెలిగించడం, తర్వాత మనం పక్కగదిలో ఉండగా, ఆపైన సందు చివరి కొట్టుదాకా. ఏళ్లు పట్టే పని, అందుకే ఎవరికీ తీరిక లేదు. ఇంటర్ కుర్రాడు ఫార్ములాలు బట్టీ పడుతుంటే అన్నం ముద్దలు కలిపి నోట్లో పెడతాం. ఇరవై రెండేళ్లకు ఎమ్మెస్ కోసం విమానం ఎక్కిస్తాం. వాడు టెక్సస్ నుంచి పప్పుకి ఎన్ని విజిల్సు రావాలని వీడియో కాల్ చేస్తే ఎంత ఎదిగాడో అని కళ్లు తుడుచుకుంటాం.

అంకె కావాలని ఇంకా పట్టుబట్టే వాళ్ల కోసం, ఇంటి సంగతిలో కాకపోయినా బండి సంగతిలో మన చట్టంలో నిజంగానే ఒకటుంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ చూడండి. మైనరు బండి తోలి నేరం చేస్తే అమ్మానాన్నలకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పెరుగు ప్యాకెట్టు తెచ్చిన బాబుకి లైసెన్సు అడిగే అర్హత మళ్లీ వచ్చేది 25 ఏళ్లు నిండాకే.