కత్తి పేరు చెప్పుము!

మూడేండ్లు ఆసుపత్రిలో రాత్రింబవళ్లు నిలువుకాళ్లపై గడిపి, మూడేసి గంటల ప్రశ్నపత్రములు నాలుగింటిని ముగించిన ఎం.ఎస్. జనరల్ సర్జరీ అభ్యర్థికి, తుదిఘట్టమున నలుగురు పరీక్షకుల సమక్షమున, కత్తులును పటకారులును బారులు తీర్చిన బల్లయొద్ద నిలిచి, ఒక్కొక్కదాని నామధేయమును, వినియోగమును ఏకరువు పెట్టు భాగ్యము లభించును. కోయుట యెట్లో నోటితో చెప్పిన చాలును! అభ్యర్థి విపులముగా పరీక్షించి చెప్పవలసిన లాంగ్ కేసుగా శయనించిన హెర్నియా రోగియో, ఏటేట అదే మంచముపై అదే దగ్గు దగ్గి ఆరితేరినవాడగుటచే (ఆపరేషను చేయించుకొన్నచో ఈ కొలువు పోవునని కాబోలు, ఆ వాపును పదిలముగా కాపాడుకొనుచున్నాడు), “అటు కాదు బాబూ, కుడిపక్క చూడండి, దగ్గమంటారా?” అని తానే అభ్యర్థికి దారి చూపును. పరీక్షకులలో ఇద్దరైనను బయటివారు కావలెనని నిబంధన కలదు గాని, రోగి కొత్తవాడు కావలెనని లేదు.