ఈస్టుకి అల్లుడి మర్యాదలు

ఇంట్లో బ్రెడ్డు చేద్దామన్నది మా అమ్మాయి. వేసవికని వచ్చిన మా అత్తగారు ఈస్టు పొట్లం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేమిటన్నారు.

"ప్రాణమున్నదే అమ్మమ్మా, బూజుకి దగ్గర చుట్టం."

"పిండి పొంగడానికి డబ్బులిచ్చి బూజు కొన్నారా?"

ఆవిడ అడగడంలో తప్పు లేదు. ఇడ్లీపిండిని పొంగించే సూక్ష్మజీవులు మినప్పప్పుతో పాటు ఉచితంగానే ఇంటికి వచ్చేస్తాయి. ఈస్టుది వేరే దర్జా. గోరువెచ్చని నీళ్లివ్వాలి, చెంచాడు పంచదార పెట్టాలి. నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటకూడదు, 60కి వెళ్లిందా, ప్రాణమే పోతుంది. ఇవన్నీ చేశాక పది నిమిషాలు పలకరించకుండా వదిలేస్తే అప్పుడు నురగ కడుతుంది. "అల్లుడిగారికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యలేదే" అన్నారు అత్తగారు. దానికి సాక్షిని నేనే.

అర కిలో మైదా, 300 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. కలపడం తేలికే, పిసకడమే గండం. మైదాలోని గ్లూటెన్ బాగా సాగితేనే ఈస్టు వదిలే గాలి లోపల నిలుస్తుందట. అందుకని ఇంటిల్లిపాదీ వంతులేసుకున్నాం. నా వంతు రాగానే నాకు ఫోన్ వచ్చింది. పిండి కుదిరిందీ లేనిదీ తెలియాలంటే చిన్న ముద్దను పలచగా సాగదీసి, చిరగకుండా అవతలి వెలుతురు కనిపిస్తోందేమో చూడాలి. మావాడు ఆ పొరలోంచి క్రికెట్ చూస్తూ దొరికాడు.

ఇక అసలు తగాదా. "పిండిని వెచ్చని చోట గంటన్నర ఉంచండి" అంది వంట పుస్తకం. రాసినవాళ్లది మంచు కురిసే ఊరై ఉండాలి. మే నెల విజయవాడలో వెచ్చగా లేని చోటు చూపించమనండి! వంటింట్లో పెడితే అరగంటకే గిన్నె మీది గుడ్డను పైకెత్తేసింది. మరీ తొందరగా పొంగితే రుచి రాదని మా ఆవిడ దాన్ని ఏసీ గదిలోకి మార్చింది. పిండికి తోడుండాలని మేమందరం కూడా ఆ గదిలోకే చేరాం. పట్టపగలు ఏసీ ఏమిటని ఆ రోజు ఎవరూ ఎవర్నీ అడగలేదు.

200 డిగ్రీల ఓవెన్లో పెట్టిన పావుగంటకి వాసన మెట్ల దాకా వెళ్లింది. మన ఇళ్లలో బ్రెడ్డంటే జ్వరానికి పథ్యం, లేదా ఆసుపత్రికి యాపిల్ పళ్లతో పాటు పట్టుకెళ్లే వస్తువు. ఎదురింటావిడ తలుపు కొట్టి, గొంతు తగ్గించి అడిగింది: "ఎవరికండీ ఒంట్లో బాగాలేదు?"

ఎవరికీ ఏమీ లేదన్నాం. ఆవిడ బల్లమీద పొగలు కక్కుతున్న బ్రెడ్డు వంక చూసింది. "మా ఆయనకే పొద్దుట్నుంచి నలతగా ఉంది."

ఆయన కాసేపటి క్రితమే కింద స్కూటర్ కడుగుతూ, పాట పాడుకుంటూ కనిపించారు.

"ఇప్పుడే కొయ్యకూడదు, చల్లారకపోతే లోపల ముద్దగా ఉంటుంది" అని మా అమ్మాయి చెబుతూనే ఉంది. అత్తగారు కత్తి అందుకుని, "నలతగా ఉన్నవాళ్లకి వేడిగానే పెట్టాలే" అంటూ కోసేశారు.