లైఫ్‌టైమ్ మావయ్య

ప్రతి కాలనీకీ ఒక ఆర్ఎంపీ డాక్టరు, ఒక శాస్త్రిగారు, ఒక కంప్యూటరు బాగుచేసే మనిషి ఉంటారు. మొదటి ఇద్దరి మీద మనవాళ్లు కావలసినన్ని కథలు రాశారు. మూడోవాడికే అన్యాయం జరిగింది.

గుర్తుపట్టడం కష్టం కాదు. వయసు నలభై ఐదు దాటుతుంది. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట స్టార్ స్క్రూడ్రైవరు, ప్యాంటు జేబులో బడిపిల్లల తెల్ల రబ్బరు. షాపుకు కుడిపక్క జిరాక్సు, ఎడమపక్క టైలరు. లోపల గోడమీద వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కనే లామినేషన్ చేయించిన సర్టిఫికెట్. అగరొత్తి ఇద్దరికీ కలిపి ఒకటే. ఆ కాగితం మీద ఏం రాసుందో మనం అడగం. అడగకపోయినా ఆయన చెప్తాడు.

"కంప్టియా ఏ ప్లస్. లైఫ్‌టైమ్."

ఆ రెండో మాట దగ్గర గొంతు కొంచెం లేస్తుంది. మా కాలనీలో ఈయన్ని మేనల్లుడు "మావయ్యా" అని పిలుస్తుంటే విని అందరూ మావయ్యని చేసేశారు. ముందు "లైఫ్‌టైమ్" ఎప్పుడు చేరిందో తెలీదు.

ఏ ప్లస్ అంటే కంప్టియా అనే సంస్థ పెట్టే, కంప్యూటరు మెకానిక్కుకి మొదటి మెట్టు పరీక్ష. 1993లో అమెరికాలో పుట్టింది. 2011 జనవరి 1 కంటే ముందు ప్యాసైనవాళ్లకి అది బతికినంతకాలం చెల్లుతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకి మూడేళ్లే గడువు. గడువు పెంచుకోవాలంటే ఏవో కోర్సులు చేసి 20 యూనిట్లు పోగేసుకోవాలి, ఫీజూ కట్టాలి, లేదా కొత్త పరీక్షలు మళ్లీ రాయాలి. మావయ్య 1999లో, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద పోస్టరుకి జాగా దొరకని రోజుల్లో, బావమరిది దగ్గర అప్పుచేసి రెండు పేపర్లూ గట్టెక్కాడు. ఒకటి హార్డ్‌వేరు, రెండోది డాస్, విండోస్. ఈ గడువు నిబంధన వల్ల లోకంలో ఒక విడ్డూరం జరిగింది. ఫ్లాపీ కేబుల్లో ఆ మెలిక ఎందుకుందో చెప్పగల మనిషి సర్టిఫికెట్ పచ్చగా ఉంది. క్లౌడూ వర్చువల్ మెషీన్లూ చదివిన కుర్రాడిది మూడేళ్లకి మురిగిపోతుంది. నన్నడిగితే ఈ గడువు వాళ్లకీ వీళ్లకీ తారుమారుగా పెట్టాల్సింది.

కంప్యూటరు భాగాలకి పంచే ఐఆర్‌క్యూ నంబర్లన్నీ ఆయనకిప్పటికీ నోటికొచ్చు. "కీబోర్డు ఒకటి, కామ్ టూ మూడు, కామ్ వన్ నాలుగు, ఫ్లాపీ ఆరు, ఎల్‌పీటీ వన్ ఏడు..." విండోసే ఈ పంపకాలన్నీ చూసుకోవడం మొదలుపెట్టాక వీటితో ఎవరికీ పనిలేకుండా పోయింది. అయినా అప్పజెప్తాడు, ముఖ్యంగా కరెంటు పోయి షాపులో చేసే పనేం లేనప్పుడు. ఆ టైముకి చిక్కిన కస్టమరు పదిహేనో నంబరు దాకా వినాల్సిందే.

పరీక్ష పుస్తకం ప్రకారం మెకానిక్కు చేతికి యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకుని పనిచేయాలి. మావయ్యకి అలాంటి పట్టీ ఉంది. 1999 నుంచీ ఉంది. కవరు తీయలేదు. పుస్తకంలో మరమ్మతుకి ఆరు మెట్లు కూడా ఉన్నాయి. సమస్య గుర్తించు, కారణం ఊహించు, ఊహని పరీక్షించు, ఉపాయం ఆలోచించి చెయ్యి, అంతా పనిచేస్తోందో లేదో చూడు, చివర్లో రాసిపెట్టు. చదవడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. ఎటొచ్చీ పరీక్షలో సమస్య నాలుగు శుభ్రమైన వాక్యాల్లో వస్తుంది. కాలనీలో అది మూడో ఫ్లోరు పిన్నిగారి నోట్లోంచి వస్తుంది.

"బాబూ, కంప్యూటర్ రావట్లేదు."

"ఆన్ అవ్వట్లేదా పిన్నిగారూ, ఆన్ అయ్యి స్క్రీన్ రావట్లేదా?"

"ఏమో నాయనా, రావట్లేదు. మొన్నటిదాకా బాగానే ఉంది. మా మనవడు ఏదో నొక్కాడు."

మొదటి మెట్టు అయిపోయింది. ఇక మావయ్య మోకాళ్ల మీద కూర్చుని సీపీయూ పక్కరేకు విప్పుతాడు. బ్లోయరు పెట్టి ఊదితే లోపలినుంచి మూడు దీపావళుల దుమ్ము లేస్తుంది. ర్యామ్ బయటికి తీస్తాడు. అంచున బంగారు రంగు పళ్లవరస నల్లబారి ఉంటుంది. ప్యాంటు జేబులోని తెల్ల రబ్బరు తీసి, ఆ వరస మీద పైనించి కిందికి, ఒకే వైపు, పసిపిల్లాడి ముక్కు తుడిచినంత జాగ్రత్తగా రుద్దుతాడు. రబ్బరు పొట్టు ఉఫ్‌మని ఊది, రెండుపక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కుతాడు. స్విచ్చి వేస్తాడు. ఒకటే బీప్. స్క్రీను వస్తుంది. ఈ రబ్బరు వైద్యం ఏ పరీక్షలోనూ నాలుగు ఆప్షన్లలో ఒకటిగా ఉండదు. రాసినవాడికి మార్కులు కూడా పోతాయనుకుంటా. పిన్నిగారు మాత్రం ఫిల్టరు కాఫీ ఇస్తారు.

మేనల్లుడు ఈ రబ్బరు సంప్రదాయానికి బద్ధవిరోధి. డిగ్రీ అయ్యాక, సాఫ్ట్‌వేరు రాక, మావయ్య పోరు పడలేక, వాడూ ఏ ప్లస్సే రాశాడు. కోర్ వన్, కోర్ టూ. ఒక్కోదానికి 90 నిమిషాలు, 90కి మించని ప్రశ్నలు. ప్యాసవ్వాలంటే 900కి మొదటిదాంట్లో 675, రెండోదాంట్లో 700. స్కోరు మొదలయ్యేదే 100 దగ్గర అని వాడు చెప్పినప్పుడు మావయ్య చాలాసేపు ఆలోచించాడు. "అంటే ఊరికే వెళ్లి కూర్చున్నా వంద ఇస్తార్రా? పెళ్లిభోజనమా?"

కాలనీలో సాఫ్ట్‌వేరు వాళ్లు ఈ మామా అల్లుళ్లిద్దరినీ జాలిగా చూస్తారు. వాళ్ల వాదనలో పస లేదని అనలేను. కొత్త సన్న లాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది, రబ్బరు పెట్టి రుద్దడానికి బయటికి రాదు. పెద్ద కంపెనీల్లో లాప్‌టాపు చెడితే విప్పరు, ఇంకోటి చేతిలో పెడతారు. సందేహమొస్తే ఫోన్లోనే ఏఐని అడుగుతారు. "ఇప్పుడెవరికి కావాలి అంకుల్ ఈ ఎగ్జామ్స్?" అంటాడు రెండో ఫ్లోరు టీమ్‌లీడు. మావయ్య దగ్గర దీనికి ఒక తురుపుముక్క ఉంది. అమెరికా రక్షణ శాఖ కొన్ని కంప్యూటరు కొలువులకి ఒప్పుకునే సర్టిఫికెట్ల జాబితాలో ఏ ప్లస్ ఉంది. "నీ కంపెనీ పెద్దదా, పెంటగాన్ పెద్దదా?" అంటాడు. పెంటగాన్ వాళ్లు మన సీటీసీ కంప్యూటర్ల బజారులో కొన్న ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై పోయినప్పుడు ఎవర్ని పిలుస్తారో అని నేనెప్పుడూ అడగలేదు.

ఈమధ్య ఆ తురుపుముక్క మీద కూడా నీడ పడింది. 2024 నవంబరులో ఆ పరీక్షల వ్యాపారాన్ని, కంప్టియా పేరుతో సహా, రెండు పెట్టుబడి సంస్థలు కొంటున్నాయని ప్రకటన వచ్చింది. మేనల్లుడు చదివి వినిపించాడు. ఆ రాత్రి మావయ్యకి నిద్ర పట్టలేదని అత్తయ్యగారు చెప్పారు. "ఓనరు మారితే పాత అగ్రిమెంటు చెల్లుతుందంటావా?" అని పొద్దున్నే నన్నడిగాడు. లామినేషన్ చేయించారు కదా, ఏం కాదన్నాను. కొంత కుదుటపడ్డాడు.

పరీక్షకి విలువే లేదని మాత్రం నేను తీర్మానించలేను, రిటైర్డు మేనేజరుగారింటి సంగతి చూశాక. వారి పాత డెస్క్‌టాపులో ఏ వెబ్‌సైటు తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది. బ్యాంకు లాకరు తాళాలు ఒకప్పుడు తన దగ్గరుండేవన్న మనిషికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి. మేనల్లుడు వెళ్లి ఏఐని అడిగాడు. అది పన్నెండు ఉపాయాలు చెప్పింది. క్యాష్ తుడిచాడు, బ్రౌజరు తీసి మళ్లీ వేశాడు, యాంటీవైరస్ ఆపాడు, రౌటరు ఆపి వేశాడు. ఏడో ఉపాయం దగ్గర మావయ్య చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికొచ్చి, స్క్రీను కుడివైపు కింద మూల చూశాడు. తేదీ: 2009 జనవరి 1.

"మనమింకా 2009లో ఉంటే, ఇవాళ్టి వెబ్‌సైటు చూపించే సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుందిరా? అది ఇంకా పుట్టనేలేదు."

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. అది పోతే ప్లగ్గు తీసినప్పుడల్లా గడియారం మొదటికొస్తుంది. కొత్తది వేసి టైము సరిచేశాడు. అన్నీ తెరుచుకున్నాయి. చిత్రమేమిటంటే ఇది నేటి ఏ ప్లస్ సిలబస్సులో కూడా ఉంది. మేనల్లుడు ప్యాసైన పేపర్లోదే. మావయ్యది మాత్రం పుస్తకంలో చదివాక ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్ల కంప్యూటర్ల మీద సాధన చేసిన చదువు. సర్టిఫికెట్ల చెల్లుబాటు గురించి ఆయన అప్పుడిచ్చిన ఉపన్యాసం ముప్పావుగంట సాగింది. మేనేజరుగారు రెండో కాఫీ తెప్పించక తప్పలేదు.

చివరికి మేనల్లుడికి ఉద్యోగమొచ్చింది. గచ్చిబౌలిలో ఒక కంపెనీ, హెల్ప్‌డెస్కు. వందల రెజ్యూమేల్లో వీడిది పైకి తేలింది ఏ ప్లస్ వల్లే. చేతికి అనుభవం లేని కుర్రాడికి ఇంకేం చూపించుకోవడానికుంటుంది, తలుపు తట్టడానికి ఈ కాగితం కావాల్సిందే. ఇంటర్వ్యూలో మాత్రం పరీక్ష మాటే ఎత్తలేదు. "నైట్ షిఫ్ట్ ఓకేనా?" అన్నారు. ఓకే అన్నాడు. అంతే.

మావయ్య వీధంతా స్వీట్లు పంచాడు. నెల తిరిగాక వాడు దిగులుగా చెప్పాడు. "రోజంతా పాస్‌వర్డులు మార్చడమే మావయ్యా. ఇంతవరకూ ఒక్క స్క్రూ విప్పలేదు."

"మా సిలబస్సులో అది లేదురా," అన్నాడు మావయ్య సానుభూతిగా.

మొన్నొక రాత్రి ఆఫీసువాళ్లిచ్చిన లాప్‌టాపు ఇంట్లోనే మొరాయించింది. మీట నొక్కితే లైటు వెలుగుతోంది, స్క్రీను రావట్లేదు. మావయ్య కళ్లు మెరిశాయి. జేబులోంచి రబ్బరు బయటికొచ్చింది, స్క్రూడ్రైవరు బయటికొచ్చింది. మేనల్లుడు లాప్‌టాపుని రెండు చేతులా గుండెకి అదుముకున్నాడు.

"ముట్టుకోకు మావయ్యా! కంపెనీ ప్రాపర్టీ. మేం విప్పకూడదు. ఫోన్లోంచి టికెట్ రెయిజ్ చేశాను, వాళ్లే చూస్తారు."

"వాళ్లంటే ఎవర్రా?"

"హెల్ప్‌డెస్క్."

"ఇవాళ డ్యూటీలో ఎవరున్నారు?"

మేనల్లుడు గోడ గడియారం వైపు చూశాడు.

"పదింటి నుంచి నేనే."